వెఱ్ఱి యను ముద్ర

ఒకనికి మతి చలించినదని వైద్యుడు వ్రాసియిచ్చిన పిమ్మట, వాడేమి పలికినను లోకము రోగలక్షణముగనే యెంచును. కోపించిన ఉన్మాదము, మౌనము వహించినను ఉన్మాదమే, తనకు రోగము లేదనిన నదియే రోగమునకు సాక్ష్యము. అట్టివాడు తన్ను ఆసుపత్రిలో నిర్బంధించిన వైద్యునిపై ఫిర్యాదు చేసినచో దాని నెట్లు విచారింపవలెను?

మన యాంధ్రదేశముననే జరిగినదానిని స్మరింతము. నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడైన డాక్టరు సుధాకర్, 2020 ఏప్రిలులో, కరోనా దినములయందు, వైద్యులకు మాస్కులు చాలకున్నవని బహిరంగముగ పలికి సస్పెండు చేయబడెను. మే 16వ తేదీన విశాఖపట్టణపు వీధిలో పోలీసులాయన చేతులు వెనుకకు కట్టి కొనిపోయిరి. త్రాగి యల్లరి చేసెనని వారు చెప్పిరి. పిమ్మట నాయన మానసిక వైద్యశాలకు చేర్చబడెను. తనకు అక్కరలేని మందు లిచ్చుచున్నారని యచ్చటినుండి పర్యవేక్షకునకు లేఖ వ్రాసెను. దానిని వైద్యుని లేఖగా చదువవలెనా, రోగి ప్రలాపముగా త్రోసివేయవలెనా? మే 22న హైకోర్టు సీ.బీ.ఐ. విచారణకు ఆజ్ఞ యిచ్చెను. జూనులో నాయన బయటికి వచ్చెను. 2021 మేలో గుండెపోటుతో మరణించెను. ఎవరి దోషమెంతయో నిర్ణయించుట నా పని గాదు. ముద్ర పడినవాని మాటకు విలువ యెట్లు నిలుచునన్నదే నా ప్రశ్న.

ఫిర్యాదిదారుని మతిని గాక వైద్యుని కృత్యమును పరీక్షించుటయే దీనికి సమాధానము. ఆప్తోపదేశ ప్రత్యక్షానుమానములచే రోగము నెఱుగవలెనని చరకసంహిత చెప్పుచున్నది. రోగిని చూడకయే నిర్ణయించుట వీనిలో నేదియు గాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, సమ్మతింపజాలని రోగిని చేర్చుకొనుటకు ముందు ఇద్దరు వేర్వేరుగ పరీక్షింపవలెను; అందొకరు మనోవైద్యులై యుండవలెను. చేర్చుకొన్న సంగతి 7 దినములలో, స్త్రీలయెడ 3 దినములలో, సమీక్షామండలికి తెలుపవలెను. రోగనిర్ణయమైనంత మాత్రమున మనుష్యుడు మతిలేనివాడు కాడనియు ఆ చట్టమే పలుకుచున్నది. కావున, చూచితివా? ఎప్పుడు చూచితివి? ఏమి వ్రాసితివి? ఎవరికి తెలిపితివి? అని రాష్ట్ర వైద్యమండలి యడుగవలెను. ఈ ప్రశ్నలకు కాగితములు ప్రత్యుత్తరమీయగలవు. ఫిర్యాదిదారుడు నిజముగ రోగియైనను అవి మాఱవు. రోగి కోరిన 72 గంటలలో చికిత్సాపత్రము లీయవలెనని 2002 నాటి వైద్యనీతి నియమములు విధించినది వ్యర్థముగ గాదు.

ఇట్లు ఫిర్యాదులు పెరిగినచో వైద్యులు వెఱచి, నిజముగ ప్రాణాపాయముననున్న రోగినికూడ చేర్చుకొనరని కొంద రందురు. ఈ యాక్షేపణ తేలికైనది గాదు. కాని వైద్యుడు పొరబడరాదని యెవరును శాసింపలేదు. శ్రద్ధతో చూచి పొరబడుట వేఱు. చూడకయే సంతకము చేయుట వేఱు. మొదటిది క్షమార్హము, రెండవది వృత్తిద్రోహము.

చదువరులారా! వైద్యుని వాకిటికి రోగిని తోడ్కొనివచ్చు వారెవరు? తఱచుగ మనమే. కనిగిరివంటి యూళ్లలో నైనను, పట్టణములలో నైనను, పంపకమున కడ్డుపడు తమ్మునికి, ఎదురుమాటాడు కోడలికి, నచ్చిన వరుని కోరు కూతునకు "పిచ్చి" యను పేరు పెట్టుట యెంత సులభము! వైద్యుని సంతకమునకు ముందే గృహమున మొదటి ముద్ర పడుచున్నది. పరుల ముద్రను ప్రశ్నింపబూనువారు తమ నోటిముద్రను ముందుగ నాపుకొందురు గాక.