పేరున్న బిళ్ళ

అమెరికావాళ్ళకి డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట ఉంది. కర్రా బంతీ ఉండవు. ప్లాస్టిక్ బిళ్ళని విసిరి, దూరంగా గొలుసులు వేలాడే బుట్టలో పడెయ్యాలి. వినడానికి పిల్లలాటే. బిళ్ళ కొనడం మాత్రం పెళ్ళిసంబంధం చూసినంత పని! "ఏ కంపెనీది?" అన్నదే మొదటి ప్రశ్న. (మనం మాత్రం పట్టుచీర అంచు చూడకముందే కొట్టు పేరు అడగమూ?)

ఇదంతా గుడ్డినమ్మకం అనలేం. చేతికి అలవాటైన బిళ్ళ చెరువులో పడిపోయిందనుకోండి, మళ్ళీ కొన్నదీ అలాగే ఎగరాలి. అచ్చు ఒకటే అయినా, ప్లాస్టిక్ చల్లారడంలో కాస్త తేడా వస్తే ఎగిరే తీరే మారిపోతుంది. ఆ తేడా రానివ్వనివాణ్ణి నమ్మడంలో తప్పేముంది? 1983లో అంచు ఏటవాలు చేసిన "ఈగిల్" బిళ్ళతో ఇన్నోవా కంపెనీ పేరు తెచ్చుకున్నదీ పనితనంతోనే.

మరి పాల్ మెక్‌బెత్ సంగతో? 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగేళ్ళు ఇన్నోవా బిళ్ళలతో ప్రపంచ విజేత. 2019లో డిస్‌క్రాఫ్ట్‌కి మారాడు. ఆ ఏడే మళ్ళీ గెలిచాడు! 2021లో ఆ కంపెనీ అతనికి పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. జనం కొంటున్నది బిళ్ళనా, అతని చేతినా?

ఊరూపేరూ లేని కంపెనీదైనా, ఆటసంఘం కొలిచి సరేనంటే ఆ బిళ్ళ పోటీకి చెల్లుతుంది. ఒక్కసారైనా విసిరి చూడకుండా పక్కన పెట్టేస్తే, పాపం, దాన్ని చేసినవాడు పేరు ఎక్కణ్ణించి తెచ్చుకుంటాడు చెప్పండి?