మరపు దోషమా? పెత్తరమాస నాటి ఒక ముచ్చట

మహాలయ పక్షం ముగిసే అమావాస్యను మా వైపు పల్లెల్లో పెత్తరమాస అంటారు. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. సాయంత్రం అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఈ సంచిక చదివే మీలో చాలామందికి దగ్గరలో గుడి ఉంటుంది, పిలిస్తే వచ్చే పురోహితులు ఉంటారు. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఖర్జూరపు తోటలూ పాడి ఫారాలూ ఉన్న అల్ ఖర్జ్‌లో మాకు ఆ రెండూ లేవు. తిథి ఏ వారం వచ్చినా పండుగ మాత్రం శుక్రవారమే, నాలుగు కుటుంబాలు ఒక ఇంట్లో చేరి, తలుపులు వేసుకుని.

కొన్నేళ్ళ క్రితం అలా కూడిన ఒక పెత్తరమాస నాడు, భోజనాలయ్యాక మాలో ఒకాయన ఉన్నట్టుండి అన్న మాట ఈ వ్యాసానికి కారణం. "బాపు మొఖం యాదికున్నది గని గొంతు యాదికొస్తలేదన్నా. పదకొండేండ్లే అయింది. కన్నతండ్రి గొంతు మర్సిపోతే పాపం కాదా?"

తండ్రి పోయినప్పుడు ఆయనకు సెలవు దొరకలేదు. రీ-ఎంట్రీ వీసా చేతికి వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆ రాత్రి కూడా ఫారంలో డ్యూటీ చేశాడు. అందుకే ఆ ప్రశ్నకు "అదేం లేదులే" అని సర్దిచెప్పి ఊరుకోవడం మాకు చేతకాలేదు. తరువాత చాలా శుక్రవారాలు దాని గురించే మాట్లాడుకున్నాం.

మనుషులు ఎందుకు మరచిపోతారో మొదట లెక్కగట్టి చూసినవాడు జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, కొంత కాలం ఆగి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో చూసుకున్నాడు. 1885లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం, గంట తిరిగేసరికే నేర్చినదానిలో సగానికి పైగా జారిపోయింది. నెల తరువాత మిగిలింది ఐదో వంతు. అంటే మరపు మొదట పరుగెత్తి, తరువాత నడుస్తుంది. అయితే ఒకే రోజు కూర్చుని వల్లించినదానికంటే రోజుల మధ్య ఎడం ఇచ్చి వల్లించినది బాగా నిలుస్తుందని కూడా ఆయనే గమనించాడు.

1900లో ముల్లర్, పిల్జెకర్ అనే మరో ఇద్దరు జర్మన్లు ఇంకో మాట చెప్పారు. జ్ఞాపకం పడగానే గట్టిపడదు, పచ్చి గోడలా ఆరడానికి కొంత సమయం కావాలి, ఆలోగా ఇంకొకటి వచ్చి తగిలితే చెదిరిపోతుంది. ఈ గట్టిపడడం మెదడులో ఎక్కడ జరుగుతుందో ఒక దురదృష్టవంతుడి వల్ల తెలిసింది. హెన్రీ మోలైసన్ అనే అమెరికన్‌కు 1953లో మూర్ఛరోగం తగ్గించడానికి ఆపరేషన్ చేసి, హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలా వరకు తీసేశారు. ఆ తరువాత 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతి ఏదీ నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తే కొత్తవాడే. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పేవాడు. పాతవి అప్పటికే మెదడు పైపొరల్లో వేళ్ళూనుకున్నాయన్నమాట. ఆ వేళ్ళూనడంలో నిద్రకూ పెద్ద పాత్ర ఉందని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి.

మన న్యాయశాస్త్రం వారి మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అనుభవం మనసులో సంస్కారాన్ని విడుస్తుంది, ఆ సంస్కారం మేలుకుంటే స్మృతి అవుతుంది, మేలుకొలిపేదాన్ని ఉద్బోధకం అంటారు. సంస్కారం ఉన్నా ఉద్బోధకం లేకపోతే స్మృతి పుట్టదు. అల్ ఖర్జ్‌లో ఆ తండ్రి గొంతుకు ఉద్బోధకం ఏముంది? ఆ వాకిలి లేదు, ఆ బర్రెల కొట్టం లేదు, ఆ యాస మాట్లాడే ముసలివాళ్ళు లేరు. మా ఆడవాళ్ళ అనుభవమే చూడండి. బతుకమ్మ పాట చెప్పమంటే రెండు చరణాల దగ్గర ఆగిపోతారు. నలుగురూ చుట్టూ తిరుగుతూ చప్పట్లు మొదలుపెడితే ఇరవై చరణాలు వాటంతటవే వస్తాయి.

ఇలా మాట్లాడుకుంటుండగా మాకు తట్టిన సంగతి ఇది. ఇళ్ళను బట్టి ఆచారం మారినా, మనిషి పోయాక మొదటి పది పన్నెండు రోజులు రోజూ ఏదో ఒక కర్మ ఉంటుంది. ఏడాది పాటు నెలనెలా మాసికం. ఆ తరువాత ఏటా ఒక తద్దినం, ఒక మహాలయం. మరపు పరుగెత్తే రోజుల్లో దగ్గర దగ్గరగా, నడిచే రోజుల్లో దూర దూరంగా. ఋషులకు ఎబ్బింగ్‌హాస్ సంగతి ముందే తెలుసునని మేము అనడం లేదు. అలాంటి మాటలు మన పత్రికల్లో ఇప్పటికే ఎక్కువయ్యాయి. ఈ కర్మలు పితృదేవతల కోసమే. కానీ ఆ పన్నెండు రోజులూ ఇంటినిండా మనుషులు కూర్చుని పోయినాయన మాటే మాట్లాడతారు, ఆయన ఎలా దగ్గేవాడో, ఎలా తిట్టేవాడో కూడా అనుకరించి చూపిస్తారు. మా మిత్రుడికి దక్కనిది అదే. గోడ ఆరాల్సిన రోజుల్లో ఆయన ఒంటరిగా ఉన్నాడు.

మరి దోషం సంగతి? మన శాస్త్రం మరపును ముందే లెక్కలోకి తీసుకుంది. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లే అడుగుతారు. నాలుగో తరం పేరు తెలియకపోతే ఎవరూ మందలించరు. తిథి తెలియనివారికి అమావాస్య ఉంది, గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పిస్తారు. ఈ పక్షానికే చెప్పుకునే కర్ణుడి కథ ఉండనే ఉంది. స్వర్గంలో ఆయనకు అన్నం బదులు బంగారం వడ్డించారట, పెద్దలకు ఏనాడూ అన్నం పెట్టలేదని. నా పెద్దలెవరో నాకు తెలియదు కదా, ఎలా పెట్టను అన్నాడు కర్ణుడు. ఆ జవాబు ఒప్పుకుని, ఆయనను 15 రోజులు భూమి మీదకు పంపారు. తెలియకపోవడాన్ని తప్పుగా పట్టలేదు, సరిదిద్దుకునే వీలు ఇచ్చారు.

దుష్యంతుడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. కాళిదాసు నాటకంలో ఆయన నిజంగానే శకుంతలను మరచిపోయాడు, దుర్వాసుడి శాపం వల్ల. ఉంగరం కనబడగానే, అది ఉద్బోధకమే కదా, అంతా గుర్తొచ్చి కుమిలిపోయాడు. భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. నన్నయగారి ఆదిపర్వంలో రాజుకు అన్నీ గుర్తే, ఎరిగి ఉండే నిండు సభలో ఎరగనన్నాడు. మనం "మరచిపోయాను" అనే మాటలో ఈ ఇద్దరు దుష్యంతులూ ఉన్నారు.

ఇదంతా విని మాలో ఒక వదినగారు వేసిన ప్రశ్నకు మేము తయారుగా లేము. "మరచిపోవడం తప్పు కాదు సరే. అసలు వినకపోవడమో?" అన్నారావిడ. మనసు పెట్టనిది సంస్కారంగా పడదు, పడనిది గట్టిపడదు, దాన్ని మరపు అనడానికి కూడా లేదు. ఆ రోజుల్లో ఫోన్ కార్డు గీకి, నంబరు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్ళం. పైసలు అందాయా, అందరూ మంచిగున్నారా, సరే ఉంటా. అవతల ముసలాయన వానల గురించో, బర్రె ఈనిన సంగతో మొదలుపెడితే మేము గడియారం చూసేవాళ్ళం. ఆ మాట ఒక్కరి గురించి కాదు, గదిలో ఉన్న అందరి గురించీ. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా ఉద్దేశంలో దోషం ఉంటే అక్కడుంది, పదకొండేళ్ళ తరువాతి మరపులో కాదు. అయినా అదీ పూర్తిగా మనదేనని చెప్పలేం. కార్డులో నిమిషాలు తక్కువ, ఇంట్లో అప్పు ఎక్కువ. గీత పదిహేనో అధ్యాయంలో భగవానుడు స్మృతితో పాటు అది తొలగిపోవడం కూడా తన వల్లనే అన్నాడు. ఆ మాటను మా మిత్రుడికి చెప్పాం. ఆయన తల ఊపాడు కానీ తృప్తి పడినట్టు అనిపించలేదు.

ఆ తరువాత వచ్చిన పెత్తరమాసకు ఆయన ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. ఈసారి నిమిషాల బాధ లేదు. బాపు ఎట్ల పిలుస్తుండెనే అక్కా అని అడిగితే ఆమె మొదట నవ్విందట, తరువాత ఏడ్చిందట. తండ్రి సందెవేళ బర్రెలను కొట్టంలోకి తోలుతూ పెట్టే కేకను ఆఖరికి పెట్టి చూపించింది. వినగానే ఒళ్ళు జలదరించిందనీ, అదే గొంతనీ ఆ రాత్రి మా అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు.

2000 సంవత్సరంలో అమెరికాలో నాడర్, లెడూ మొదలైనవారు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తలుచుకున్న జ్ఞాపకం మళ్ళీ పచ్చిదవుతుందనీ, మళ్ళీ కొత్తగా గట్టిపడాలనీ తేలింది. అలా పచ్చిగా ఉన్నప్పుడు పక్కనున్నది కూడా అందులో కలవవచ్చు. ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని మేము కొంత తర్జనభర్జన పడ్డాం. చెప్పకముందే ఆయనే అన్నాడు, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కేక వినబడుతోంది కానీ అది బాపు గొంతో అక్క గొంతో చెప్పలేనని. ప్రతి శుక్రవారం అక్కకు ఫోన్ చేస్తున్నాడు. ఆమె వానల గురించి చెబుతుందట.