యోబు మిత్రుల ఎనిమిదో రోజు

1997 సెప్టెంబరు 14న అహమ్మదాబాద్–హౌరా ఎక్స్‌ప్రెస్ పెట్టెలు చాంపా సమీపాన వంతెన మీదినుంచి నదిలో పడిపోగా 80 మందికి పైగా ప్రయాణికులు మరణించారు. చాంపా ఆనాడు మధ్యప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలోనిది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు కాపురముంటున్న బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ వారమంతా ఏ వాకిట నిలబడినా ఒకే మాట వినిపించేది: “అంతా ప్రారబ్ధం.”

ఆ మాట దుఃఖితుడే తనకు తాను చెప్పుకుంటే అందులో కొంత ధైర్యం ఉంటుంది. పక్కవాడు చెబితే అది తీర్పవుతుంది. పైగా, పట్టాలనూ వంతెననూ ఎవరు కనిపెట్టి ఉండవలసిందన్న ప్రశ్నను కూడా అది మూసివేస్తుంది. మరి విశ్వాసం గలవాడు బాధితుని ఎదుట ఏమనాలి? ఈ విషయమై యూదు సంప్రదాయం చేసిన విచారం ఆలోచింపదగినది. గుంటూరు ప్రాంతపు కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం పేరిట తెలుగు మాట్లాడే యూదు సమాజమొకటి ఉంది గనుక, అది మనకు మరీ పరాయిదీ కాదు.

యోబు కథ తెలుగు బైబిలు ద్వారా చాలామందికి తెలిసినదే. సంతానాన్నీ సంపదనూ ఆరోగ్యాన్నీ కోల్పోయి బూడిదలో కూర్చున్న యోబును చూడవచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని చెంత నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వారిది ఉత్తమ స్నేహం. యోబు నోరు విప్పి తన పుట్టుకను శపించుకోగానే వారు వ్యాఖ్యానానికి దిగారు; పాపం లేనిదే శిక్ష ఉండదన్నారు. చివరకు దేవుడు యోబును ప్రశ్నలతో నిలదీసినా, కోపగించింది మాత్రం తన పక్షాన వాదించిన ఆ మిత్రుల మీదనే. గోలకొండ చెరసాలలో రాముణ్ణి నిష్ఠూరాలాడిన కంచెర్ల గోపన్నను మనమూ భక్తుడనే అన్నాం. ఆ చనువును పక్కింటి దుఃఖితునికి ఇవ్వడానికే వెనుకాడతాం.

తల్మూదు దీనిని కథగా వదిలివేయలేదు. క్రయవిక్రయాలలోని మోసాన్ని చర్చించే ప్రకరణంలోనే మాటతో చేసే అన్యాయాన్నీ చేర్చి, రోగపీడితునితో, బిడ్డలను మట్టిచేసిన వానితో యోబు మిత్రుల వలె మాట్లాడరాదని నిషేధించింది. బేరంలో దగా చేసినవాని సరసన వేదాంతం చెప్పినవానిని నిలబెట్టడం కఠినంగా తోచవచ్చు. నాకు మాత్రం అది న్యాయమనిపిస్తుంది. అలాగని పాపానికీ బాధకూ సంబంధమే లేదని ఆ గ్రంథం అనలేదు. బాధ కలిగినవాడు తన నడతను తాను పరీక్షించుకోవాలన్నది. ఆ పరీక్ష పొరుగువాని పని కాదు.

తల్మూదులోనే మరొకచోట రబ్బీ యోహానాన్ ఉదంతం ఉంది. ఆయన పదిమంది కుమారులను పోగొట్టుకున్నవాడు. జబ్బుపడిన శిష్యుని చూడబోయి, ఈ బాధలు నీకు ప్రియమైనవేనా అని అడిగాడు. బాధలూ వద్దు, వాటి వల్ల వచ్చే పుణ్యమూ వద్దన్నాడు శిష్యుడు. గురువు వాదించలేదు, చేయి ఇమ్మని పట్టుకుని లేవదీశాడు. తర్వాత యోహానానే మంచం పట్టినప్పుడు మరొక రబ్బీ వచ్చి అలాగే లేపాడు. ఇతరులను లేపినవాడు తనను తాను లేపుకోలేడా అని అడిగితే, ఖైదీ తన చెరను తాను విప్పుకోలేడన్నారు.

మా కాలనీలో ఒక వృద్ధురాలు ఆ వారం ప్రతి సాయంత్రమూ, మనిషిని పోగొట్టుకున్న ఒక ఇంటికి క్యారియరులో అన్నం పట్టుకెళ్లి, పిల్లలకు తినిపించి, గిన్నెలు కడుక్కుని తిరిగివచ్చేది. అక్కడ ఏమన్నారని మేము అడిగితే, ఏమీ అనలేదనేది.