పుచ్చుకొనని చేయి

బిడ్డలను చంపినవాని యింటికి ఆ రాత్రి గడువకముందే పోయి అతని ఆలుబిడ్డలను, తల్లిదండ్రులను ఓదార్పగలిగిన జనులు, తమ కడుపున పుట్టినవాడు సంఘమును విడిచిపోయినచో వానితో ఒక్క బల్లయొద్ద కూర్చుండి భోజనము చేయజాలకపోవుట యెట్లు పొసగును? అమెరికాలోని ఆమిష్ జనులను గూర్చి చదివినప్పుడెల్ల నన్ను వేధించు ప్రశ్న యిదియే. వారి గుఱ్ఱపుబండ్లను గూర్చియు, కరెంటుతీగ చొరని యిండ్లను గూర్చియు, గుండీలకు మారుగా కొక్కెములు గల నల్లకోటులను గూర్చియు లోకము వింతగా చెప్పుకొనును. నాకవి వింతలు గావు. టెలిఫోనును బాటప్రక్కన చిన్న కొట్టులో నుంచుకొని యింటిలోనికి మాత్రము రానీయని వారి నియమములో, యంత్రము మనుష్యుల నడుమకు ఎంతవఱకు రావచ్చునో మనుష్యులే నిర్ణయింపవలెనన్న వివేకము నాకు కనబడుచున్నది. ఆ వివేకము తక్కిన లోకమునకు లేకపోయెనే యని చింతించువారిలో నేనొకడను. నా సందేహము వారి యంత్రములను గూర్చి గాదు, వారి క్షమను గూర్చి.

2006వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, పెన్సిల్వేనియా రాష్ట్రమున లాంకస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ పల్లెలో, ఆ పరిసరముల పాడిరైతుల యిండ్లనుండి పాలను లారీలో తరలించుచుండిన పొరుగువాడొకడు ఒంటిగది బడిలోనికి తుపాకులతో చొచ్చి, మగపిల్లలను వెలుపలికి పంపివైచి, పదిమంది బాలికలను కాల్చి, పిదప తన్ను తాను కాల్చుకొనెను. ఐదుగురు బాలికలు మరణించిరి. శవములింకను మట్టి చేరకముందే ఆమిష్ పెద్దలు హంతకుని కుటుంబమును చూడబోయిరి. వాని అంత్యక్రియలకు పదులకొలదిగా పోయి నిలిచిరి. తమకు లోకము పంపిన సహాయధనములో వాని భార్యాబిడ్డలకును కొంత భాగము నిచ్చిరి. ఇంత త్వరగా పుట్టిన క్షమ హృదయమునుండి పుట్టినది గాదని, అది దుఃఖమును గొంతులోనే నొక్కివేయుట యని నాడు కొందఱు విమర్శించిరి. ఆ విమర్శను నేనంగీకరింపను. క్షమ యనునది మనస్సు శాంతించిన తరువాత దానంతట వచ్చు ఫలమని మనమనుకొందుము. వారికది మనస్సు మండుచుండగనే చేయవలసిన నిర్ణయము, కోపము మరల రేగినప్పుడెల్ల మరల చేయవలసిన నిర్ణయము. ప్రతిదినము క్రొత్తగా క్షమించుకొనవలసి వచ్చిన తల్లిదండ్రులను కపటులనుట అన్యాయము.

అట్లయినచో వెలి యేల?

ఆమిష్ వారి వెలి యెట్టిదో దాని సూక్ష్మాంశములలో చూచినగాని దాని బరువు తెలియదు. బాప్తిస్మము పొంది సంఘనియమములకు మోకరించి లోబడినవాడు పిదప వానిని విడిచి పశ్చాత్తాపపడనిచో, సంఘములోనివారు వానితో ఒక్క బల్లయొద్ద తినరాదు; వ్యాపారము చేయరాదు; వాని చేతినుండి ఏ వస్తువును అందుకొనరాదు. వాడొక పుస్తకము నీయదలచినచో బల్లమీద పెట్టవలెను. ఎదుటివాడు బల్లమీదనుండి తీసికొనును. వాడు కన్నవారి యింటికి వచ్చినచో వానికి వేఱుగా చిన్న బల్ల యొకటి వేయుదురు. కొందఱు తల్లులు ఆ చిన్న బల్లను పెద్దబల్ల ప్రక్కనే, జానెడు ఎడము మాత్రముంచి చేర్చి, రెంటిమీదను ఒక్క గుడ్డ పఱతురట. నియమము చెడలేదు, రెండు బల్లలు రెండుగానే యున్నవి, పైన మాత్రము గుడ్డ యొక్కటియే.

ఇది మధ్యకాలమున వచ్చిచేరిన ఆచారము గాదు, ఆ సంఘమునకు పుట్టుకయే. 1693లో స్విట్జర్లాండు, అల్సేసు ప్రాంతములందు, వయస్సు వచ్చినవారికే బాప్తిస్మమిచ్చు అనబాప్తిస్టులలో యాకోబ్ అమ్మన్ అను పెద్దకును హాన్స్ రైస్ట్ అను పెద్దకును పుట్టిన వివాదములో ప్రధానాంశ మిదియే: వెలిపడినవానిని ప్రభుభోజనపు బల్లనుండి మాత్రమే తప్పించిన చాలునా, ఇంటి భోజనపు బల్లనుండియు తప్పింపవలెనా? ఇంటిబల్లనుండియు తప్పింపవలెనన్న అమ్మన్ అనుచరులే ఆమిష్ వారైరి. తాము తొందరపడితిమని తోచి 1700లో అమ్మనును అతని సహచరులును తమ్ము తామే వెలివేసికొని సంధికి యత్నించిరి గాని, అది కుదురలేదు. మతములు దేవుని స్వరూపమును గూర్చి చీలినవి, గ్రంథముల ప్రామాణ్యమును గూర్చి చీలినవి. ఒక అన్నపుపళ్ళెమును గూర్చి చీలి మూడువందల యేండ్లకు పైగా నిలిచిన సంఘమిది.

నా ప్రశ్నకు వారు చెప్పు సమాధానము తేటగానున్నది. హంతకుడు సంఘమునకు మాట యిచ్చినవాడు గాడు, కొడుకు మాట యిచ్చినవాడు. బాప్తిస్మము పొందకముందే విడిచిపోయినవానిని ఎవ్వరును వెలివేయరు. వాడు పండుగలకు వచ్చి అందఱితో కూర్చుండి తినవచ్చును. వెలిపడినవాడును తిరిగివచ్చి మోకరించి ఒప్పుకొన్నచో, ఆ క్షణముననే వానిని లేవనెత్తి చేర్చుకొందురు, గడచినదానిని మరల నెత్తరు. పసిబిడ్డకు చేయు బాప్తిస్మము బాప్తిస్మమే కాదని, వయస్సు వచ్చినవాడు తెలిసి యిచ్చిన మాటయే మాటయని 1525లో జ్యూరిక్ నగరమున పలికి, దానికై నీట ముంచబడియు నిప్పున కాల్చబడియు చచ్చినవారి సంతతివారు, అట్టి మాటకు విలువ లేకుండ చేయుదురా? వెచ్చము లేకుండ విడువగలిగిన మాట మాట యగునా?

దీనికి నేను ఎదురుచెప్పదలచి ఎదురుచెప్పజాలకుంటిని. పదునాలుగేండ్లకే, ఎనిమిదవ తరగతితో చదువు ముగిసిన పిల్లవాడు పదునెనిమిదవయేటనో యిరువదియవయేటనో ఇచ్చు మాట తెలిసి యిచ్చినది యగునా? వారి పిల్లలను ఆపై చదివింపవలెనని నిర్బంధించుటకు రాష్ట్రమునకు అధికారము లేదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, జస్టిస్ డగ్లస్ పాక్షికముగా భిన్నాభిప్రాయము వ్రాసి, తల్లిదండ్రుల విశ్వాసమును విచారించితిమి గాని పిల్లవాని కోరికను విచారింపమైతిమి గదా యని అడిగెను. ఆ ప్రశ్న నాకు న్యాయముగా తోచును. కాని అగ్నిసాక్షిగా మాటయిచ్చిన వధూవరులలో, ఆ మాట పట్టు ఎంతదూరమో తెలిసి యిచ్చినవారెందఱు? తెలియక యిచ్చిన మాటలనెల్ల కొట్టివైచినచో మనుష్యుల నడుమ మిగులునదేమి? ఇచ్చట నా తర్కము చాలకాలము నిలిచిపోయెను.

పిదప నాకొక సమాధానము తోచినది. వారి క్షమకును వెలికిని మూలమొక్కటియే గావలెను. తన యిచ్ఛను దేవునికిని సంఘమునకును అప్పగించి తాను ఊరకుండుట వారి ధర్మములో పరమధర్మము; దానిని వారు గెలాసెన్‌హైట్ అందురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని నీకు క్షమింపగల శక్తి యున్నదా యని సంఘమడుగలేదు. కొడుకును పోగొట్టుకొన్న తల్లిని వానిని దూరముగా నుంచగల శక్తి యున్నదా యని యడుగదు. ఏ లొంగుబాటు మొదటిదానిని సాధ్యము చేసినదో అదియే రెండవదానిని సాధ్యము చేయుచున్నది. అట్లయినచో మొదటిదానిని పొగడి, రెండవదానిని దూషించి, వారి యింటినుండి నచ్చిన వస్తువును మాత్రము ఏరుకొనిపోవు హక్కు మనకు లేదు. ఈ సమాధానముతో నేను కొంతకాలము తృప్తిపడియుంటిని.

దానిని చెఱిపినది వారి గ్రంథమే. ఆమిష్ యిండ్లలో బైబిలు ప్రక్కన నుండు హతసాక్షుల చరిత్రములో డిర్క్ విల్లెమ్స్ కథ కలదు. 1569లో హాలండులో, విశ్వాసము నిమిత్తము చెఱపడి తప్పించుకొని పాఱిపోవుచు, పలుచని మంచుపైనుండి అతడు ఆవలిగట్టు చేరెను. వెంటబడిన భటుడు మంచు విఱిగి నీటబడెను. డిర్క్ వెనుదిరిగి వచ్చి, చేయిచ్చి వానిని పైకి లాగెను, మరల పట్టుబడెను, ఆస్పెరెన్ గ్రామమున సజీవముగా దహింపబడెను. ఆ మంచుగట్టున అతనికి సంఘము లేదు, పెద్దలు లేరు, నియమావళి లేదు. ఆలోచించుటకు వ్యవధి లేదు. సంఘమే అతనినట్లు తీర్చిదిద్దినదని చెప్పవచ్చును. కాని అదే సంఘములో, అదే కాలమున, అట్టి స్థితిలో పరుగుమానక ప్రాణము దక్కించుకొన్నవారును ఉండియుందురు గదా. లొంగుబాటే క్షమకు మూలమన్న నా సిద్ధాంతము ఆ యొక్క మనుష్యుని యెదుట నిలువదు. క్షమకు వేఱొక మూలమేదో కలదు.

అది యేమో వెదకుచుండగా నా చిత్తము పెన్సిల్వేనియాను విడిచి మా నాయనమ్మయొద్దకు పోయినది. ఆమె కొడుకులలో కడపటివాడు, మా బాబాయి, కులముగాని పిల్లను పెండ్లాడి వెలిపడెను. అతడు పండుగలకు వచ్చినప్పుడు ఆమె వీధియరుగుమీద విస్తరి వేసి, తానే వంగి వడ్డించుచు, వలదన్న కొలది నెయ్యి పోసి, కొసరి కొసరి తినిపించెడిది. అతడు తెచ్చిన అరటిపండ్ల అత్తమును మాత్రము చేతినుండి అందుకొనెడిది కాదు. అతడు దానిని గడపప్రక్కన నేలమీద పెట్టి తొలగిన తరువాత, నీళ్ళు చిలకరించి లోనికి గొనిపోయెడిది. ఒక సంక్రాంతినాడు ఆమె అరుగుమెట్లు దిగుచు కాలుజారి కూలబడెను. బాబాయి విస్తరిముందునుండి దిగ్గున లేచి, కుడిచేయి యెంగిలి గావున ఎడమచేయి చాచెను. ఆమె ఆ చేతివంక చూచెను. అతని ముఖమువంక చూచెను. ప్రక్కనున్న స్తంభమును పట్టుకొని మెల్లగా లేచెను.

“దెబ్బ తగిలిందా అమ్మా?” అని అతడడిగెను.

“ఏమీ లేదు నాయనా. నువ్వు తిను, చల్లారిపోతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా?” అని ఆమె యనెను.

ఆమెకు అతనిపై ప్రేమ లేదని ఎవ్వరనగలరు? అతడు వీధిలో కూర్చుండి తినుటకును ఏండ్లతరబడి ఓర్చుకొనెను. ఆనాటి తరువాత మాత్రము వచ్చుట తగ్గించెను. వచ్చినను భోజనమునకు నిలిచెడివాడు గాడు.

మా కులము వెలిని ఆమిష్ వారి వెలితో సమానము చేయుట నా యుద్దేశము గాదు. మా కులములో పుట్టుదునని ఎవడును మాటయిచ్చి పుట్టలేదు; కావున ఆ వెలికి వారు చెప్పుకొను న్యాయము సయితము లేదు. కాని చేయి విషయమున రెండును ఒక్కటియే. 1632లో డోర్డ్రెక్ట్ నగరమున రచింపబడి నేటికిని ఆమిష్ యువజనులు బాప్తిస్మమునకు ముందభ్యసించు 18 విశ్వాసప్రకరణములలో, వెలిని విధించిన ప్రకరణమే వెలిపడినవానికి ఆకలియైనచో అన్నము, దప్పియైనచో నీరు ఇచ్చితీరవలెననియు విధించుచున్నది. ఇచ్చుటకు అడ్డు లేదు, పుచ్చుకొనుటకే అడ్డు. మన దేశమున అగ్రకులములు కఱవుకాలమున గంజి పోయలేదా, చలివేంద్రములు పెట్టలేదా? దోసిలిలో నీరు పోసిన చేయి, ఆ దోసిలినుండి నీరు త్రాగలేదు. ఇచ్చువాడు ఇచ్చునంతసేపును మీదనే యుండును. పుచ్చుకొనునప్పుడే అతడు ఎదుటివానితో సమానుడగును. వెలిపడినవానికి అన్నము తక్కువ గాదు, తన చేతిది ఒకరికి పనికివచ్చుట తక్కువ. ఆమిష్ వారితో ఒక్కవేరునుండి పుట్టిన మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘములు పాలమూరు జిల్లాలో వేళ్ళూనినప్పుడు, వానిలో చేరినవారిలో అధికులు మాల మాదిగలే. ఎవరి చేతి నీరు ఊరిలో ఎవ్వరును త్రాగకుండిరో వారిలోనుండియే పాస్టర్లు వచ్చి రొట్టె విఱిచినప్పుడు, చేయిచాచి పుచ్చుకొన్నవారికి దొరకిన గౌరవముకంటె ఇచ్చినవారికి దొరకిన గౌరవమే గొప్పదని నేననుకొందును.

ఇప్పుడు నికెల్ మైన్సునకు మరల పోవుదము. బ్రతికిన బాలికలలో ఒకతె నడువలేక, మాటలాడలేక, పరుల సేవపైననే జీవింపవలసినదయ్యెను. హంతకుని కన్నతల్లి, కొన్ని యేండ్లపాటు వారమువారమును ఆ యింటికి పోయి, ఆ బిడ్డకు స్నానము చేయించి, కథలు చదివి వినిపించెడిది. ఆమె చేతినుండి ఆ సేవను పుచ్చుకొనుటకు ఆ తల్లిదండ్రులు ఒప్పుకొనిరి. మొదటిరాత్రి చూడబోయి యిచ్చిన క్షమను లోకమెల్ల పొగడినది. నా దృష్టిలో అంతకంటె కష్టమైనది, అంతకంటె ఎత్తైనది యీ పుచ్చుకొనుట. ఆమె సంఘమునకు మాట యియ్యని పరాయిది గావున నియమము ఆమె చేతిని అడ్డలేదు. హంతకుని తల్లిచేయి తమ బిడ్డ యొంటిని తాకగలిగిన చోట, విడిచిపోయిన కొడుకు చేతినుండి ఒక పుస్తకము నేరుగా అందరాదు.

మాటకు కట్టుబడవలెననుటను నేను తిరస్కరింపను. వేఱుబల్ల నుండనిండు, ప్రభుభోజనమునుండి దూరముంచనిండు. మాట తప్పుటకు వెచ్చముండనిండు. చేతినుండి పుచ్చుకొనరాదన్న ఆ యొక్క నిషేధమును మాత్రము వారు విడువవలెనని నా కోరిక. వెలి సడలినచో సంఘము చెదరునని వారు భయపడుదురు. నియమములు బిగువుగానున్న శాఖలలోనే సాధారణముగా పిల్లలు అధికముగా నిలుచుచున్నారు గావున ఆ భయము నిరాధారము గాదు, దానిని నేను చులుకన చేయను. ఆ యొక్క సడలింపుతో సంఘములో సగమే మిగులవచ్చును. మిగిలిన సగమే ఆ బాలిక తల్లిదండ్రుల క్షమకు నిజమైన వారసులగుదురని నా విశ్వాసము.