నాలుగు వేళ్ళ ఎత్తు

ధర్మరాజు రథం నేలను తాకకుండా నాలుగు వేళ్ళ ఎత్తున నడిచేదని ద్రోణపర్వం చెబుతుంది. ద్రోణుడి చేత ఆయుధం కింద పెట్టించడానికి అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా, ఏనుగు సంగతి గొంతులోనే అన్న క్షణాన ఆ రథం కూడా అందరి రథాల్లాగే నేలమీదికి దిగింది. నాలుగు వేళ్ళంటే ఇప్పటి కొలతలో సుమారు మూడంగుళాలు. అమెరికాలో పికప్ ట్రక్కుల ముందుభాగాన్ని లేపడానికి అమ్మే లెవలింగ్ కిట్లు ఇచ్చే ఎత్తూ ఇంచుమించు అంతే, రెండు నుంచి మూడంగుళాలు. పోలిక కాకతాళీయమే. ప్రశ్న మాత్రం ఒకటే. ఒకరి బండి నలుగురి బండ్లకన్నా ఎత్తులో ఎందుకు నడవాలి? ఆ ఎత్తుకు బదులు చెప్పుకోవలసింది ఎవరికి?

పికప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ముక్కు కాస్త కిందికి దించుకుని వస్తుంది. వెనక తొట్టిలో ఇటుకలో, గడ్డిమోపులో వేసినప్పుడు కమాన్ కట్టలు అణిగి బండి సమంగా నిలవాలని ఇంజనీర్లు వేసిన లెక్క అది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం వెనక లేచి, ముందు వంగినట్టు కనబడుతుంది. చాలామంది యజమానులకు ఆ వంపు కంట్లో నలుసు. ముందు స్ట్రట్ల నెత్తిన లోహపు దిమ్మ ఒకటి బిగిస్తే వంపు పోతుంది. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర కాకుండా కింది ఆర్మ్‌కు మధ్యలో ఆనుతుంది కాబట్టి, అంగుళం దిమ్మ పెడితే ముక్కు దాదాపు రెండంగుళాలు లేస్తుంది. లేచిన చోట పెద్ద టైర్లకు జాగా దొరుకుతుంది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానం వదలని పికప్. ఆ దేశంలో ఈ సరదా ఏ కొద్దిమందికో పరిమితమైనది కాదు.

టైర్ల దుకాణంలో ఎందుకని అడిగితే మొదట వినబడే జవాబు గ్రౌండ్ క్లియరెన్స్. ఇక్కడే లెక్క చూడాలి. పికప్‌లకు తరచుగా కంపెనీ నుంచే వచ్చే 265/70ఆర్17 టైరు నిలువు కొలత సుమారు 803 మిల్లీమీటర్లు. దాన్ని తీసి చాలామంది వేయించుకునే 285/70ఆర్17 టైరుది 831. తేడా 28 మిల్లీమీటర్లు. అందులో ఇరుసుకు పైన సగం, కింద సగం. అంటే ఇరుసు నిజంగా లేచేది 14 మిల్లీమీటర్లు, అరంగుళం పైన కొంచెం. ఇక లెవలింగ్ కిట్ వెనక ఇరుసును అసలు ముట్టుకోదు. మామూలు పికప్‌లో రాయికి ముందుగా తగిలేది ఆ వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియలే. బంపర్ కింద ఖాళీ పెరిగి గట్టు ఎక్కేటప్పుడు పనికొస్తుంది, అది నిజం. కానీ మూడంగుళాలు లేచిందని చెప్పుకునే బండి, అవసరమైన చోట లేచింది అరంగుళమే. అబద్ధం కాదు. ఏనుగు సంగతి మెల్లగా అనడం లాంటిది.

స్పీడోమీటర్ కథ ఇంకా ముచ్చటైనది. బండి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చెబుతుంది. టైరు చుట్టుకొలత పెరిగిందని దానికి ఎవరూ చెప్పకపోతే పాత లెక్కే అప్పజెబుతుంది. పై కొలతల ప్రకారం మూడున్నర శాతం తేడా. ముల్లు గంటకు 60 మైళ్ళు అంటుంటే బండి 62 మీద ఉంటుంది. ఇది పెద్ద నేరం కాదు. ఓడోమీటర్‌లో కూడా అదే శాతం పోగవుతూ ఉంటుంది. నిజంగా లక్ష మైళ్ళు తిరిగిన బండి 96,600 చూపిస్తుంది. పాత బండ్ల అమ్మకాల్లో మోసాలు అరికట్టడానికి అమెరికా 1986లో ట్రూత్ ఇన్ మైలేజ్ యాక్ట్ తెచ్చింది. అమ్మేవాడు అంకె మీద సంతకం పెట్టాలి, అంకె నిజం కాదని తెలిస్తే ఆ మాటా రాయాలి. టైర్లు మార్చిన రోజే కంప్యూటర్‌లో కొత్త కొలత ఎక్కిస్తే పోయేది. చిన్న పని. అడిగి చేయించుకోవాలి, అంతే. ధర్మరాజు రథం అర్ధసత్యంతో దిగింది. ఈ రథం ఎక్కిన ఎత్తుతోనే అర్ధసత్యం మొదలవుతుంది.

ఇంతకీ అందం కోసం బండి లేపడం తప్పా? తప్పని చెప్పే వైరాగ్యం మన సంప్రదాయంలో ఒక పాయ మాత్రమే. నాలుగు పురుషార్థాల్లో కామానికి చోటుంది. అది ధర్మానికి అడ్డురానంతవరకు దాన్ని పాపమని ఎవరూ అనలేదు. కామసూత్రం రాసిన వాత్స్యాయనుడు కూడా ధర్మార్థకామాలు మూడింటికీ మొదట నమస్కారం పెట్టే గ్రంథం మొదలుపెట్టాడు. చక్రాల గూట్లో నిండుగా కూర్చున్న టైరు, వంపు లేకుండా సమంగా సాగిన బండి గీత కంటికి ఇంపుగానే ఉంటాయి. చూడ్డానికి బాగుంటుందని వేయించుకున్నాను అనేవాడితో పేచీ ఏమీ లేదు. చిక్కల్లా కామాన్ని అర్థం ఖాతాలో రాసుకోవడంతోనే. ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి కాస్ట్‌కోకూ తిరిగే బండికి బురద టైర్లు వేసి, అవసరమని ఇంట్లో ఒప్పించడం ఉంది చూశారా, అక్కడ మొదట మోసపోయేది చెప్పినవాడే. అవసరం అన్నాక ఖర్చుకు హద్దు ఉండదు. ముచ్చట అని ఒప్పుకుంటే ఎక్కడో ఒక చోట చాలు అనిపిస్తుంది.

నిజమైన అవసరాలూ ఉన్నాయి. కొలరాడో మంచులో గొర్రెల మందల దగ్గరికి వెళ్ళేవాడు, మోంటానాలో అడవిశాఖ మట్టిదారుల్లో రోజూ తిరిగేవాడు టైరు పళ్ళ లోతు చూసి కొంటాడు, దాని మీది అక్షరాల రంగు చూసి కాదు. అలాంటివాళ్ళు చాలావరకు మధ్యరకం ఆల్-టెర్రైన్ టైరుతో సరిపెట్టుకుంటారు. బురద టైరు తారురోడ్డు మీద హోరుపెడుతుందని, వానలో జారుతుందని వాళ్ళకు తెలుసు. బరువైన టైరు బ్రేకు మీద, పెట్రోలు మీద పన్ను వేస్తుందనీ తెలుసు. తొట్టి కింద వేలాడే స్టెపినీ గూట్లో కొత్త కొలత టైరు పడుతుందో లేదో ముందే టేపుతో చూసుకుంటారు. కిట్ బిగించాక ఎలైన్‌మెంట్ చేయించకపోతే ఆ ఖరీదైన టైర్ల అంచులు ఏడాది తిరక్కుండా అరిగిపోతాయి.

బండి యజమానితో ఆగిపోయే లెక్కలు ఇవన్నీ. అసలు చర్చ ఎదురుగా వచ్చేవాడితో మొదలవుతుంది.

145 అంగుళాల వీల్‌బేస్ ఉన్న పికప్ ముందుభాగాన్ని రెండంగుళాలు లేపితే హెడ్‌లైట్ల చూపు కూడా అదే కోణంలో పైకి తిరుగుతుంది. కోణం ఒక డిగ్రీ కూడా కాదు. కానీ వంద మీటర్ల దూరంలో వెలుతురు అంచు సుమారు 1.4 మీటర్లు పైకి లేస్తుంది. రోడ్డు మీద పడవలసిన కాంతి చిన్న కారులో కూర్చున్న మనిషి కళ్ళలో పడుతుంది. తొట్టిలో సామాను వేస్తే ఇంకొంచెం పైకి. ఆ కాంతిని చూడనివాడు ఒక్కడే ఉంటాడు, ఆ బండి తోలేవాడు. నైతికంగా దీనిలో విచిత్రం ఇదే. నష్టం చేసేవాడికి తాను చేసే నష్టం కనబడే వీలే లేదు. తానే ఇంకో కారులో ఎదురు వస్తే తప్ప తెలియదు. పరుల స్థానంలో నిలబడి చూడమని ధర్మశాస్త్రాలు చెప్పేది బహుశా ఇలాంటి కేసుల కోసమే.

జైన మునులకు విధించిన అయిదు సమితుల్లో మొదటిది ఈర్యాసమితి. నడిచేటప్పుడు ముందు నాలుగు మూరల నేలను చూసుకుంటూ అడుగు వేయాలి, కాలి కింద చీమ కూడా పడకుండా. నాలుగు మూరలంటే ఆరడుగులు. ఇప్పటి పెద్ద పికప్‌లలో సీట్లో కూర్చున్నవాడికి కనబడనిదే సరిగ్గా ఆ నేల. కొన్ని ట్రక్కుల ముందు కనబడని జాగా కొన్ని సెడాన్ కార్లకన్నా 11 అడుగులు ఎక్కువని 2021లో కన్స్యూమర్ రిపోర్ట్స్ కొలిచి చెప్పింది. చీమ సంగతి అటుంచితే ఆ జాగాలో మూడేళ్ళ పిల్లవాడు నిలబడగలడు. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో హైవే భద్రత మీద పనిచేసే సంస్థ ఐఐహెచ్ఎస్ సుమారు 18,000 పాదచారుల ప్రమాదాలను పరిశీలించి 2023 నవంబరులో ఒక నివేదిక ఇచ్చింది. బానెట్ అంచు 40 అంగుళాలు దాటిన వాహనాలు ఢీకొంటే, 30 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ ఉన్న వాటితో పోలిస్తే మరణం సంభవించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. చిన్న కారు మోకాళ్ళను తాకి మనిషిని బానెట్ మీదికి విసురుతుంది. ఎత్తైన బానెట్ ఛాతీని, తలను తాకుతుంది. ఆ అధ్యయనం కంపెనీ నుంచి వచ్చిన బండ్ల మీద చేసింది, కిట్లు బిగించిన వాటి మీద కాదు. ఆ మాట చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఏనుగు సంగతి మింగినట్టే. అయితే అప్పటికే 40 దాటిన చోట మరో రెండంగుళాలు చేర్చడం ఏ దిక్కుకు తీసుకెళుతుందో చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు.

సమం చేయడంతో ఆగనివాళ్ళూ ఉన్నారు. వెనక దించి, ముందు ఆకాశంలోకి లేపే ఫ్యాషన్‌కు అమెరికా దక్షిణాన కరోలినా స్క్వాట్ అని పేరు. తోలేవాడికి రోడ్డు బదులు బానెట్ కనబడే ఏర్పాటు అది. ముందు ఫెండర్ వెనకదానికన్నా నాలుగంగుళాలు, ఆపైన లేస్తే చెల్లదని నార్త్ కరోలినా చట్టం చేసి 2021 డిసెంబర్ 1 నుంచి అమలు చేసింది. 2023లో సౌత్ కరోలినా కూడా నిషేధించింది. అక్కడి శాసనకర్తలు గీసిన గీత కూడా నాలుగు దగ్గరే పడింది. దాని లోపల ఉన్నదంతా యజమాని అంతరాత్మకు వదిలేశారు.

భారతదేశంలో అంతరాత్మకు అంత పని పెట్టలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. దీని వెనక ఒక పాత తాత్విక పేచీ దాగి ఉంది. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువు రథం మీద వచ్చిన మిళింద రాజును అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు, అన్నీ కలిసినప్పుడు పిలుచుకునే పేరే రథం. కోర్టు దృష్టిలో అలా కాదు. ఇరుసు, చక్రం, చట్రం జాబితాలో ఎలా ఉన్నాయో అలా ఉంటేనే ఆ బండి ఆ బండి. నాగసేనుడు గెలిచిన వాదం ఆర్టీవో ఆఫీసులో చెల్లదు. అది మంచికే కావచ్చు. కానీ ఎంచుకునే వీలు లేనిచోట ఎంచుకోకపోవడం సంయమం కిందికి వస్తుందా అన్న అనుమానం మిగులుతుంది.

తెలుగు నేలకు ఈ వ్యవహారం దూరమేమీ కాదు. ఇసుజు డి-మ్యాక్స్ పికప్‌లు తయారయ్యేది తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే, 2016 నుంచి. అదే జిల్లాలో చిన్నపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడి పికప్‌కు కిట్ బిగించే వీలు చట్టం ఇవ్వకపోయినా ఎదుటివాడి కళ్ళ సమస్య తీరిపోలేదు. తొట్టి నిండా టమాటా పెట్టెలు వేసి మదనపల్లె మార్కెట్ నుంచి రాత్రి బయల్దేరిన బండి ముక్కు దానంతట అదే పైకి లేస్తుంది. దానికి విరుగుడుగా చాలా బండ్లలో స్టీరింగ్ పక్కన చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, హెడ్‌లైట్ల చూపును బరువును బట్టి దించడానికి. సున్నా నుంచి మొదలై అంకెలు ఉంటాయి. ఆ బిళ్ళ దేనికో షోరూంలో బండి అప్పగించేటప్పుడు చెప్పేవారూ తక్కువే, అడిగేవారూ తక్కువే.