రథం మారిందా, రథికుడు మారాడా?

మిలిందుడనే యవన రాజుకూ నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకూ నడిచిన సంవాదం ‘మిలిందపన్హ’ అనే పాళీ గ్రంథంలో ఉంది. రథమంటే ఇరుసా, చక్రాలా, కాడా అని భిక్షువు అడుగుతాడు. ఏ ఒక్కటీ కాదంటాడు రాజు. అన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం మనం పెట్టుకున్న పేరే రథమని చివరికి తేలుతుంది.

ఈ ప్రశ్న పండితుల గోష్ఠి దాటి బజారుకు వచ్చింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో విడిభాగాలు కొని తన కంప్యూటరును తానే బాగుచేసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. నిరుడు మెమరీ పెంచారు. మొన్న డిస్కు మార్చారు. ఇవాళ మదర్‌బోర్డు మార్చగానే, విండోస్ యాక్టివేట్ కాలేదన్న మాట తెర మీద కనబడుతుంది. డబ్బిచ్చి కొన్నవారే పరాయివారయ్యారు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, కంప్యూటరులోని పది లక్షణాలను కలిపి ఒక గుర్తు తయారుచేసేది. వాటిలో కొన్ని మారినా ఊరుకునేది. ఎక్కువ భాగం మారితే మళ్లీ అనుమతి అడగమనేది. విండోస్ 10 వచ్చాక మదర్‌బోర్డుకే పెద్దపీట. కొత్త కంప్యూటరుతో కలిపి అమ్మే ఓ.ఈ.ఎం. లైసెన్సు ఆ కంప్యూటరుతోనే ముగుస్తుంది. విడిగా ఎక్కువ ధరకు కొన్న రిటైల్ లైసెన్సును మాత్రం పాతదానిలోంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు.

తయారుచేసినవారి వాదనను తోసిపుచ్చలేం. ఒక ప్రతి కొని పది యంత్రాల్లో వేసుకుంటే వారి శ్రమకు విలువేముంది? కాపలా ఉండవలసిందే. అయితే కాపలా దేనికి? ఒకరి హక్కు పదిమంది వాడకుండా చూడడానికి. ఒకే మనిషి, ఒకే బల్ల మీద, ఒకే ప్రతిని వాడుకుంటుంటే అక్కడ నష్టపోయిందెవరు?

చిక్కంతా ఇక్కడుంది. రథానికి పేరు పెట్టింది అందరూ కలిసి. ఈ కంప్యూటరు పాతదా కొత్తదా అని తేల్చేది మాత్రం ఒక పక్షమే. పొలం కౌలుకిస్తే కౌలని చెప్పే ఇస్తారు. ఇక్కడ కొట్టులో వినబడేది అమ్మకం మాట, కాగితంలో ఉండేది కౌలు షరతు. చిన్న అక్షరాల్లో రాసి ఉందిగదా అంటే చట్టానికి సరిపోవచ్చు, ధర్మానికి చాలదు.

2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ సంస్థల వ్యాజ్యంలో ఒక మంచి గీత గీసింది. డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చిన ప్రతి అమ్మినట్టేననీ, కొన్నవాడు దాన్ని మరొకరికి అమ్ముకోవచ్చనీ చెప్పింది. కాకపోతే తన దగ్గరున్న ప్రతిని పనికిరాకుండా చెయ్యాలంది. హక్కునూ బాధ్యతనూ ఒకే తాడుతో కట్టింది.

2016 నుంచి విండోస్ 10 లైసెన్సును మనిషి ఖాతాకు జోడించుకునే వీలు వచ్చింది. భాగాలు మార్చినప్పుడు ఆ ఖాతా సాయంతో మళ్లీ యాక్టివేట్ చెయ్యవచ్చు. హక్కు ఇనుప ముక్కను వదిలి మనిషి వైపు ఒక అడుగు వేసింది. దానికి బదులుగా మన ఉనికిని ఒక కంపెనీ పుస్తకంలో రాయించుకోవాలి. అది చిన్న ధర కాదు.

షరతులు బిగువుగా ఉన్నాయి గనుక దొంగ ప్రతి వాడతామనే మాట మనకు తరచు వినబడుతుంది. ఎదుటివారి పిసినారితనం మన దొంగతనానికి అనుమతిపత్రం కాదు. నచ్చని కౌలు వద్దనుకుంటే లైనక్స్ ఉంది. అది మదర్‌బోర్డు ఏదని అడగదు.

తరచు భాగాలు మార్చేవారు కొనేముందే ఒక్క ప్రశ్న వెయ్యాలి: ఈ హక్కు నాదా, ఈ పెట్టెదా? జవాబు సూటిగా చెప్పడం అమ్మేవారి ధర్మం. పాతదానిలోంచి నిజంగా తీసేయడం కొన్నవారి ధర్మం. ఈ రెండూ నిలబడితే, భాగాలెన్ని మారినా ఒప్పందం మారదు.