దేవుడి ముడుపు, పిల్లల డిబ్బీ

పిల్లలకి డబ్బు గురించి ఎలా నేర్పాలి అని అడిగితే వచ్చే సలహాలన్నీ పిల్లలు ఏం చెయ్యాలో చెప్పేవే. దాచుకో, వృథా చెయ్యకు, అవసరం వేరు కోరిక వేరు. మంచివే, కాదనను. కానీ పిల్లల డబ్బు దగ్గర పెద్దవాళ్లు ఎలా ఉండాలో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

డబ్బు మాటలు భక్తికి తక్కువ అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. అలా ఏం లేదండీ. పురుషార్థాల్లో ధర్మం తర్వాత చెప్పింది అర్థమే. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు పూర్తయి ఇంటికి వెళ్తున్న శిష్యుడికి గురువు సత్యం, ధర్మం తప్పొద్దని చెప్తూ, సంపద విషయంలో కూడా ఏమరుపాటుగా ఉండొద్దంటాడు. ఇచ్చేటప్పుడు శ్రద్ధతో ఇవ్వమన్నదీ ఆ ఉపదేశంలోనే.

ఇక అసలు విషయం. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికో డిబ్బీ ఉంది (తెలంగాణలో గల్లగురిగి అంటారు చూడండి, కాకపోతే వీడిది తాళంచెవి ఉన్న రేకు డబ్బా). ఒక నెలాఖర్లో బావ జీతం ఆలస్యమైంది. ఆరోజే గ్యాస్ బండ వచ్చింది. అందులోంచి 600 తీసి ఇచ్చేశారు. సాయంత్రం వాడు అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "పూజ గదిలో వెంకన్న ముడుపు ఉంది కదా, అది తియ్యలేదేం? నాదే ఎందుకు తీశారు?"

అందరూ నవ్వారు. "దేవుడి సొమ్ము ముట్టుకుంటామా నాన్నా" అంది అమ్మమ్మ. "అయినా ఇంట్లోవాళ్ల మధ్య లెక్కలేంటి, చోద్యం కాకపోతే!"

నాకైతే వాడి ప్రశ్న సరైనదే అనిపించింది. పసుపు గుడ్డలో కట్టిన ఆ రూపాయల్ని మనం ఎందుకు ముట్టుకోం? భయం కొంత ఉంటుంది, నిజమే. కానీ భయమొక్కటే అయితే దానికి అంత విలువేముంది? ఇస్తానని ఒకరికి మాటిచ్చి పక్కన పెట్టిన డబ్బు అది. బీరువా మనదే, గుడ్డ మనదే, అయినా డబ్బు మనది కాదు. డిబ్బీ చేతికిచ్చి "ఇది నీది" అన్నప్పుడు పిల్లాడికి మనమిచ్చిందీ మాటే కదా. దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకుని, పిల్లాడికిచ్చింది వదిలేస్తే, వాడికి అర్థమయ్యేది ఒకటే. శిక్షించగలిగే వాళ్ల దగ్గరే మాట మీద ఉండాలని. నాకు ఇందులో ఇబ్బందిగా అనిపించేది 600 రూపాయలు కాదు, ఇదీ.

లెక్కలు రాసుకుంటే ప్రేమ తగ్గిపోతుందా? మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూడండి. సొంత పిన్ని పేరు పక్కన కూడా అంకె ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసుకుంటాం. ఎవరూ తప్పు పట్టరు. శ్రీనివాసుడి కథే తీసుకోండి. లక్ష్మీదేవి అలిగి కొల్హాపురం వెళ్లిపోయింది, పద్మావతితో పెళ్లికి చేతిలో డబ్బు లేదు. కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మ, శివుడు సాక్షులుగా పత్రం రాసిచ్చాడు. ఆ స్వామిని వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకుంటూ, పిల్లాడికి చిన్న కాగితం రాసివ్వడానికి నామోషీ ఎందుకు?

అమ్మమ్మ మాటలోనూ నిజముంది. ఆ బండ మీద వండిన అన్నమే వాడూ తింటాడు. "నాది నాది" అని డబ్బా కౌగిలించుకునే పిల్లాణ్ణి తయారుచెయ్యడం ఎవరికీ ఇష్టముండదు. అందుకే నాకు తోచింది ఇదీ. తిండికో మందులకో అయితే, వాణ్ణి కూర్చోబెట్టి ఈ నెల ఇలా ఉందని చెప్పి తీసుకోవచ్చు. కష్టం తెలిస్తే పిల్లలు బెదిరిపోరు, దాస్తేనే ఏదేదో ఊహించుకుంటారు. అంతకు మించి దేనికైనా, టూర్‌కో కొత్త ఫోన్ ఈఎంఐకో, అడగాలి. వాడు వద్దంటే ఊరుకోవాలి. వద్దనే వీలు లేనప్పుడు అది అడగడం ఎలా అవుతుంది? ఏ అవసరానికి తీసినా కాగితం మీద రాసి తిరిగివ్వాలి.

బావ రాసిచ్చారు లెండి. రెండు విడతల్లో తీర్చేశారు. వాడు వడ్డీ కూడా అడిగాడు, వెంకన్న కడుతున్నాడు కదా అని! ఇంట్లో వడ్డీ వద్దని అక్క కొట్టిపారేసింది, నేనూ అక్క వైపే.

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. మొదట 500 కడితే చాలు. స్కాన్ చేసి డబ్బు కట్టేసే ఈ రోజుల్లో, నోట్లు లెక్కపెట్టి కౌంటర్లో ఇచ్చి పాస్‌బుక్‌లో అంకె చూసుకోవడం వాళ్లకి కొత్త అనుభవమే. మావాడికి వచ్చే శ్రావణంలో పదేళ్లు. ఇప్పట్నుంచే సంతకం ప్రాక్టీసు చేస్తున్నాడు.